రోజుకు అరకిలో కందిపప్పు

అక్టోబరు 15, బుధవారం. ఉదయం పదకొండు గంటలు. రాయచూరు జిల్లా పోతనాళలో సంఘం గోదాము పైన ఉన్న గది.

హాజరైనవారు: అధ్యక్షులు వీర్రాజు గారు. సభ్యులు ఇద్దరు, వీరు ఏ సమావేశంలోనూ నోరు విప్పరు కాబట్టి వీరి పేర్లు సంతకాల దగ్గర తప్ప ఎక్కడా రావు. ప్యాకింగు చూసే మంగ. కార్యదర్శిగా నేను. గైర్హాజరు: ఎవరి కోసం సమావేశం పెట్టామో ఆవిడ.

ఆ చివరి ముక్క మినిట్స్ పుస్తకంలో లేదు. ఇంటికొచ్చాక నా డైరీలో రాసుకున్నాను. ముప్పై నాలుగేళ్లు తుంగభద్ర కాలువ మీద గేజీ రీడరుగా పనిచేసినవాణ్ణి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. రిటైరయ్యాక కొలవడానికి నీళ్లు లేకపోయేసరికి ఏది కనబడితే అది రాస్తున్నాను.

ఆవిడ మా రైతుల సంఘం వెబ్‌సైటునూ, అందులోని ఆన్‌లైను దుకాణాన్నీ ఆరేళ్లు చూసుకుంది. రాయచూరు పాత ఊరి మనిషి. స్టేషను దగ్గర ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిందని విన్నాను. ఇంతకు మించి ఆవిడ జీవిత విశేషాలు నాకు తెలియవు. ఆరేళ్లలో అడగాలని తోచలేదు.

సమావేశం సంతాపం తెలపడానికి. వీర్రాజు గారు ఫోటో పెట్టి దండ వేద్దామన్నారు. వెతికితే ఫోటో దొరకలేదు. సైటులో బియ్యం బస్తాల ఫోటోలు, అప్పడాల ఫోటోలు, కాలువ గట్టు ఫోటోలు అన్నీ ఆవిడ తీసినవే. అందుచేత ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. పోనీ ఆవిడ కూర్చునే కుర్చీకి దండ వేద్దామంటే, దాంట్లో అప్పటికే ఒక సభ్యుడు కూర్చుని ఉన్నాడు. రెండు నిమిషాలు మౌనం పాటించాం. నా గడియారం ప్రకారం ఒక నిమిషం ముప్పై ఐదు సెకన్లకు వీర్రాజు గారి ఫోను మోగింది.

తర్వాత తీర్మానం. వీర్రాజు గారు చెబుతుంటే నేను రాశాను. "ఒకటి రెండు పొరపాట్లు జరిగినప్పటికీ, మన సంఘానికి ఆమె చేసిన సేవ మరువరానిది."

"పొరపాట్లు" అన్నచోట నా పెన్ను ఆగింది.

"ఏంటండీ, సిరా అయిపోయిందా?" అన్నారు వీర్రాజు గారు.

"లేదండీ" అని రాసేశాను.

జరిగిన పొరపాటు ఒకటే. రెండోది వాక్యం నిండుగా ఉంటుందని వీర్రాజు గారు కలిపారు. ఆ ఒకటి కూడా ఆవిడది కాదు. నాది. మూడేళ్లుగా ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం. ఇప్పుడు నేనొక్కణ్ణే. ఇక నేను నోరు మూసుకుంటే, సంఘం పుస్తకంలో ఆవిడ పేరు పక్కన ఆ మాట ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

ఆవిడ పోయిందని మాకెవరూ కబురు చేయలేదు. కందిపప్పు ఆర్డరు రాకపోవడం వల్ల తెలిసింది.

మా దుకాణంలో మేం పండించే సోనా మసూరి బియ్యం అమ్ముతాం. మల్లట్ వైపు మెట్ట రైతుల దగ్గర కొన్న కందిపప్పు, కాలువ కింద వలస వచ్చి స్థిరపడిన మా ఆంధ్రా క్యాంపు ఆడవాళ్లు చేసే అప్పడాలు కూడా ఉంటాయి. రోజూ పొద్దున ఆరుంపావుకు మొదటి ఆర్డరు ఆవిడ పేరు మీద వచ్చేది. కందిపప్పు, అరకిలో. డబ్బు కట్టేదాకా వెళ్లి, రసీదు వచ్చిందని చూసుకుని, ఆరున్నరకు రద్దు చేసేది. రద్దుకు కారణం రాయమని సైటు అడిగితే "ఊకెనే సూసిన" అని రాసేది. దుకాణం తెరిచి ఉందో లేదో తెలుసుకోవడానికి అది ఆవిడ పద్ధతి.

నెలకొకసారి మాత్రం రద్దు చేయకుండా వదిలేసేది. పోతనాళలో బయల్దేరిన ఆ పొట్లం పార్సిలు కంపెనీ దయవల్ల ముందు హుబ్బళ్లి వెళ్లి, అక్కడినుంచి బళ్లారి వచ్చి, ఐదో రోజుకు రాయచూరు చేరేది. బస్సులో అయితే రెండు గంటల దారి.

"ఇక్కడికి వచ్చినప్పుడు చేత్తో పట్టుకుపోవచ్చు కదమ్మా" అన్నాను ఒకసారి.

"నాకు పప్పు గావాల్నా సార్? పప్పు ఇంటిదాంక వస్తదా రాదా, గది గావాలె" అంది.

ప్యాకింగు గదిలో ఆవిడ పేరు కందిపప్పు మేడం.

ఈ నెల మొదటి సోమవారం ఆ ఆర్డరు రాలేదు. ఆరూ నలభై దాకా ఆగాను. తర్వాత ఆవిడ నేర్పిన వరసలోనే మొదలుపెట్టాను. కరెంటు ఉందా చూశాను. ఇంటర్నెట్టు ఉందా చూశాను. పేజీ మూసి మళ్లీ తెరిచాను. మా ఆవిడ ఫోనులోంచి కార్యదర్శి పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి చూశాను. అన్నీ బాగున్నాయి. ఇవన్నీ అయ్యాక గాని, ఆర్డరు పెట్టే మనిషి ఎలా ఉందో కనుక్కోవాలని తోచలేదు.

ఫోను ఆవిడ తమ్ముడు ఎత్తాడు. "అక్క నిన్న పోయింది సార్. గుండెపోటు." ఆ తర్వాత, "మీరు బ్యాంకోల్లా?" అన్నాడు.

ఆ రోజు డైరీలో "సైటులో లోపమేమీ లేదు" అని ఉంది. నేను పరీక్షించి తేల్చింది అంతే కాబట్టి అంతే రాశాను.

ఆవిడ ఎలా ఉండేదని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది టీ తాగడం. సైటు పాడైతే చాలావరకు రాయచూరులో కూర్చునే బాగుచేసేది. "మిషన్ సంగతైతే ఇంటికాడనే సూస్త సార్. మనిషి సంగతైతే రావాలె" అనేది. ఏది మనిషి సంగతో ఫోనులోనే పట్టేది. మేం "ఎవ్వరం ఏమీ చెయ్యలేదండీ" అన్నామంటే మర్నాడు మొదటి బస్సుకు దిగేది.

వచ్చి కూర్చోగానే మొదటి ప్రశ్న: "ఆఖరిసారి ఎప్పుడు మంచిగుండె?" రెండోది: "అప్పటిసంది ఏం మార్చిండ్రు?"

"ఏమీ మార్చలేదండీ" అనేవాళ్లం అందరం.

ఆవిడ కాదనేది కాదు. పెన్నుకు మూత పెట్టి, టీ తెప్పించుకుని, చివరి గుక్కదాకా ఒక్క మాట మాట్లాడకుండా తాగేది. కిటికీలోంచి కాలువవైపు చూస్తూ ఉండేది. ఆ మౌనం భరించడం కష్టం. గ్లాసు కింద పెట్టి, "ఆ, ఇప్పుడు చెప్పుండ్రి. ఏం జేయకముందు ఏం జేసిండ్రు?" అనేది.

అప్పుడు ఒక్కొక్కటే బయటపడేవి. వీర్రాజు గారు ఎవరో చెప్పారని పాస్‌వర్డు మార్చి, మార్చిన సంగతి మర్చిపోయారు. వాన పట్టి అప్పడాలు ఎండలేదని మంగ ఏకంగా అప్పడాల పేజీనే తీసేసింది.

"తీసెయ్యలేదండీ మేడంగారూ, కాస్త పక్కన పెట్టానంతే" అంది మంగ.

"యాడ పెట్టినవమ్మా? గా పక్క ఏదో జూపియ్యి, పోయి తెచ్చుకుంట."

మంగ చూపించలేకపోయింది. ఆవిడ తన సంచిలోంచి చిన్న డిస్కు తీసి, కిందటి శుక్రవారం నాటి దుకాణాన్ని అందులోంచి బయటికి లాగి, అప్పడాలను యథాస్థానంలో పెట్టింది. ప్రతి శుక్రవారం దుకాణం మొత్తానికి నకలు తీసేది. ఒకటి తన ఇంట్లో, ఒకటి మా ఇంట్లో. "ఒక్కటే ఇంట్ల రెండు పెడితే ఒక్కటే లెక్క సార్" అని రెండోది నా బీరువాలో డైరీల మధ్య పెట్టించింది. నా డైరీలకు మాత్రం ఎక్కడా నకలు లేదని ఆవిడ ఒకసారి గుర్తుచేస్తే, వాటితో ఎవరికీ పని ఉండదులే అన్నాను. ఆ మాట తప్పని తర్వాత తేలింది.

ఇంకో నియమం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చి చూడాలి. బాగుపడకపోతే ముందు ఎలా ఉందో అలా పెట్టేసి, అప్పుడు రెండోదాని జోలికి పోవాలి. ప్రతి మార్పూ రెండు వందల పేజీల నోటుపుస్తకంలో రాసుకునేది. కంప్యూటరు ఆలస్యం చేస్తే దాని మీద చెయ్యి పెట్టి, "జర ఠైరో" అని కాస్త ఆగమనేది, అది ఎటో వెళ్లిపోతున్నట్టు. సైటు పెట్టిన కంపెనీ వాళ్లతో ఫోనులో మాట్లాడేటప్పుడు కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో కోప్పడి, ఉర్దూలో ముగించేది. "భాయ్, సర్వర్ డౌన్ హై బోల్‌దో. హమ్ భీ చాయ్ పీలేతే" అని, అంటే సర్వరు పడిపోయిందని చెప్పేస్తే మేమూ టీ తాగుతామని, ఫోను పెట్టేసేది.

వీర్రాజు గారి ఫోటో సంగతి చెప్పాలి. సైటు తెరవగానే ఆయన ఫోటో రావాలని మేం తీర్మానం చేశాం. ఆయన అల్లుడు పెద్ద కెమెరాతో తీసిన ఫోటో అది. అది పెట్టిన దగ్గర్నుంచి సైటు తెరుచుకోవడానికి నిమిషం పైగా పట్టేది. అమ్మకాలు పడిపోయాయి. కారణం ఏంటని సమావేశం పెట్టి ఆవిణ్ణి పిలిచాం.

టీ అయ్యాక, "ఫోటో చానా బరువున్నది ప్రెసిడెంట్ సాబ్" అంది.

"నేనా?"

"మీరు గాదు. ఫోటో. పైనుంచి జర జర దిగుతున్నది. మీ మీసాల కాడికి వచ్చేసరికి కస్టమర్ లేచి పోతుండు."

నోరు విప్పని సభ్యులిద్దరూ ఆ రోజు నవ్వారు. డైరీలో ఉంది. ఆవిడ ఆ ఫోటో బరువు తగ్గించి మళ్లీ అక్కడే పెట్టింది. చూడటానికి ఏ తేడా లేదు. సైటు పరుగెత్తింది. వీర్రాజు గారు మాత్రం మనసులో పెట్టుకున్నారు. గత మూడేళ్లుగా కొత్త సరుకు వచ్చిన మొదటిరోజే నలభై బస్తాలకు పైగా చకచకా పోతుంటే, "చూశారా, ఫోటో మహిమ" అని ఆవిడ వినేటట్టు అనేవారు.

"అవును సాబ్" అనేది ఆవిడ.

ఇక నా సంగతి.

నేను ఎప్పుడూ సైటును లోపలినుంచే చూసేవాణ్ణి. కార్యదర్శి పాస్‌వర్డుతో తెరిస్తే సరుకుల పట్టిక వస్తుంది. రోజూ సాయంత్రం ఆరింటికి గోదాములో ఉన్న నిల్వ చూసి అందులో అంకెలు వేసేవాణ్ణి. కొనేవాళ్లకు దుకాణం ఎలా కనబడుతుందో నేను చూడలేదు. కొనేవాణ్ణి కాదు కదా.

"మీరెప్పుడు ఎనక దర్వాజ నుంచే వస్తరు సార్. ఒక్కసారి ముందల దర్వాజ నుంచి వచ్చి సూడుండ్రి" అని ఎన్నిసార్లు అందో. "అలాగేనమ్మా" అనేవాణ్ణి.

మూడేళ్ల కిందట ఇదే అక్టోబరులో పాత బియ్యం అయిపోయి, కొత్త సరుకు ఇంకా రాని రోజులు. అప్పుడు సైటుకు ఒక జబ్బు పట్టుకుంది. రోజూ ఎవరో ఒకరు ఒక బస్తా బియ్యం కొనేవారు. డబ్బు కట్టేవారు. రసీదు వెళ్లేది. తీరా గోదాములో బియ్యం ఉండేవి కావు. మంగ ఫోను చేసి క్షమాపణలు చెప్పి డబ్బు వెనక్కి పంపించేది. ఇలా పదకొండు రోజులు, పదకొండు మంది. పదకొండో ఆవిడ గృహప్రవేశం భోజనాలకని మా బియ్యం కోసం ఎదురుచూసింది. బస్తా రాలేదు. మా బియ్యం బొమ్మ కిందే కన్నడంలో ఐదు వరసలు రాసింది. అనువాదం చేయను.

వీర్రాజు గారు మండిపడ్డారు. మర్నాడు పదకొండింటికి సమావేశం. ఎవరి తప్పో తేలాలి.

ఆవిడ తొమ్మిదిన్నరకే దిగింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

"ఏం జేసిండ్రు సార్?"

"నేనేమీ చెయ్యలేదమ్మా. సైటే రోజుకొక బస్తా మింగేస్తోంది. పొద్దున్నకల్లా నిల్వ సున్నా చూపిస్తోంది."

"ఎప్పటిసంది?"

"డైరీలో ఉంది" అని గర్వంగా చేతికిచ్చాను.

టీ తాగుతూ చదివింది. పదకొండు రోజుల కింద ఒకటే వాక్యం, నా చేతిరాతలో: "సా. 6.10. సైటు మళ్లీ బియ్యం సున్నా చూపుతోంది. ఒకటికి సరిదిద్దాను."

గ్లాసు కింద పెట్టింది. "గోదాముల బస్తాలు ఎన్ని ఉన్నయి సార్?"

"లేవమ్మా."

"మరి గీ ఒకటి ఏంది?"

చెప్పాను. మా ఇళ్లలో బియ్యం డబ్బా అడుగు కనబడనివ్వరు. ఎంత ఇబ్బందిలో ఉన్నా ఒక గుప్పెడు మిగిల్చి, కొత్తవి దాని మీదే పోస్తారు. మా అమ్మ అలాగే చేసింది. మా ఆవిడా అంతే. బియ్యం ఎదురుగా సున్నా రాయడానికి నా చెయ్యి రాదు. అందుకని ఒకటి వేస్తాను.

"కాల్వల నీళ్లు బందైతే సున్నా రాస్తుంటిరి గద?"

"నీళ్లు వేరమ్మా. బియ్యం వేరు."

ఆవిడ నవ్వలేదు. "మీరు మిగిల్చిన గుప్పెడును వాళ్లు కొనుక్కపోతుండ్రు సార్" అంది నెమ్మదిగా. "మీరు మల్ల పొద్దుమూకి ఇంకో గుప్పెడు పెడుతుండ్రు." డైరీ మూసి నా ఒళ్లో పెట్టింది. "అన్నీ మీరే రాసిండ్రు సార్. సదువుకోలే, గంతే."

పదకొండింటికి అందరూ వచ్చారు. వీర్రాజు గారు కూర్చోకుండానే, "ముందు తప్పెవరిదో చెప్పండమ్మా" అన్నారు.

ఆవిడ ఒక్కసారి నా ఒళ్లో ఉన్న డైరీని చూసింది. "మా దిక్కే సాబ్. నిల్వ సెట్టింగు ఒకటి నేను పెట్టాల్సింది, పెట్టలే. ఇయ్యాల పెడ్త" అంది.

నేను లేచి నిలబడాల్సింది. పెన్ను తీశాను. "వెబ్‌సైటు నిర్వాహకురాలి పొరపాటు వలన లేని బియ్యము అమ్మబడినది. సెట్టింగు ఈ రోజే పెట్టెదనని ఆమె తెలిపినది" అని మినిట్స్ పుస్తకంలో రాశాను. గుండ్రటి అక్షరాలు. కొట్టివేతలు లేవు. ఆవిడ చదివి కింద సంతకం చేసింది.

అప్పట్లో కవితాళ రైతులు కూడా ఇలాంటి దుకాణం పెట్టాలని మమ్మల్ని మనిషిని చూపమన్నారు. ఆ పని తనకు వస్తుందని ఆవిడ ఆశపడింది. పక్క ఊళ్లవాళ్లు కూడా చూసి వస్తారని రెండు మూడుసార్లు నాతో అంది. వీర్రాజు గారు ఆవిడ ఎదురుగానే ఫోను తీసి, "ఇంకెవరినైనా చూసుకోండి, మా అనుభవం ఏం బాలేదు" అని వాళ్లకు చెప్పేశారు. ఆవిడ పెన్ను మూత బిగిస్తూ ఉంది. మూత బిగిసిపోయాక కూడా తిప్పుతూనే ఉంది.

బస్టాండుదాకా వెంట వెళ్లాను. "ఎందుకమ్మా అలా చెప్పావు?" అని అడిగాను.

"మిషన్ మీద పెడితే మిషన్‌కేం రోషం రాదు సార్. మనిషి మీద పెడితే గా మనిషి మల్లెప్పుడు నాకు నిజం చెప్పడు. నిజం చెప్పకుంటే నేనేం రిపేరు జేస్త?" బస్సు వచ్చింది. "సరి బిడి సార్" అని, పోనివ్వండన్నట్టు చెయ్యి ఊపి ఎక్కేసింది.

ఆ సాయంత్రం కళ్లు మూసుకుని సున్నా వేశాను. అన్నం సయించలేదు. రెండో రోజూ సున్నాయే వేశాను. మూడో రోజు చెయ్యి దానంతట అదే ఒకటి వేసింది. భయపడుతూ ఎదురుచూశాను. ఎవరూ కొనలేదు. వారం గడిచింది. ఏ గొడవా లేదు. ఫోను చేసి ఆవిడతోనే అన్నాను: "చూశావా అమ్మా, ఒకటి వేసినా ఏమీ కాలేదు. నేను ముందే అనుకున్నాను, జబ్బు సైటుదేనని."

"అవును సార్. ఏం గాలె" అంది.

"సైటు తనంతట తాను కుదుటపడినది" అని డైరీలో రాశాను. అప్పటినుంచి ప్రతి ఏడూ బియ్యం అయిపోయిన రోజుల్లో ఒకటే వేస్తున్నాను, ధీమాగా.

సంతాప సభలో రెండో అంశం, ఇకమీదట సైటు ఎవరు చూడాలి అన్నది. బెంగళూరులో ఒక కంపెనీ ఉందట. వాళ్ల దగ్గర పొరపాట్లు అసలు జరగవని వాళ్లే చెప్పారట. ఆలోచిద్దాం అని రాసి సమావేశం ముగించాం.

మర్నాడు, గురువారం, పొద్దున ఆరుంపావుకు అలవాటుగా పట్టిక తెరిచాను. కందిపప్పు ఆర్డరు లేదు. ఉండదని తెలుసు. అయినా దుకాణం తెరిచి ఉందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా అనిపించింది. మా ఆవిడ ఫోను తీసుకుని, కార్యదర్శి పాస్‌వర్డు కొట్టకుండా, ఎవరో ఊరు తెలియనివాడిలా మా దుకాణం పేరు కొట్టి వెతికాను.

మొదట వీర్రాజు గారు వచ్చారు, వెంటనే, మీసాలతో సహా. ఆయన కింద బియ్యం బస్తా బొమ్మ. దాని కింద ఈ మాటలు:

"బియ్యం ఇప్పుడు అమ్మకానికి లేవు. ఒక్క బస్తా ఉన్నది. అది మా సార్ డబ్బా అడుగు కనబడకుండ ఉంచిండ్రు, అమ్మరు. కొత్త సరుకు రాంగనే ఫోన్ చేస్తం. నంబరు రాసి పోండి. మీకంటే ముందు నలభై ఆరు మంది రాసిండ్రు."

"ఏంటండీ పొద్దున్నే, బియ్యం కొంటున్నారా?" అంది మా ఆవిడ.

"లేవట."

"ఎవరన్నారు?"

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఒక్కటి మిగిలితే అమ్మకం ఆగిపోవాలని ఆవిడ సైటుకు చెప్పి పెట్టింది. ఆ సెట్టింగు ఈ రోజే పెడతానని అందరి ముందూ అన్న మాటను రాసినవాణ్ణి నేనే. సదువుకోలే, గంతే. ఏటా కొత్త సరుకు వచ్చిన రోజు ఈ నంబర్లన్నిటికీ ఫోన్లు చేసింది ఎవరో కూడా అప్పుడే తెలిసింది.

కందిపప్పు, అరకిలో, ఒకటి కొన్నాను. నా పేరు, మా ఇంటి చిరునామా. రసీదు వచ్చింది.

పదింటికి సంఘానికి వెళ్లి మినిట్స్ పుస్తకం తీశాను. నిన్నటి తీర్మానం కింద ఇలా రాశాను: "సవరణ. మూడేళ్ల కిందట లేని బియ్యాన్ని పదకొండు మందికి అమ్మింది వెబ్‌సైటు నిర్వాహకురాలు కాదు. రోజూ సాయంత్రం నిల్వ ఒకటి అని వేసిన కార్యదర్శి." సంతకం చేసి, ఆనాటి డైరీ పక్కన పెట్టి, వీర్రాజు గారి ముందుకు జరిపాను.

ఆయన రెండుసార్లు చదివారు. డైరీ కూడా చూశారు. "ఇందులో మీ తప్పేముందండీ?" అన్నారు. "బియ్యానికి సున్నా ఎవరు వేస్తారు? నేనైనా వెయ్యను."

"ఆవిడా వేయలేదండీ" అని, సైటు తెరిచి ఫోను ఆయన చేతికిచ్చాను.

చదివారు. తన ఫోటో మీదినుంచి బియ్యం దగ్గరికి, బియ్యం దగ్గర్నుంచి నలభై ఆరు దగ్గరికి వేలు జరిపారు. "కవితాళ వాళ్లకి అప్పుడలా చెప్పేశానే" అన్నారు చివరికి, నాతో కాదు. సవరణ కింద సంతకం పెట్టారు.

అప్పుడే మంగ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఫోను. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అరకిలో కందిపప్పు ఆర్డరొచ్చిందండీ. పొద్దున్నే."

"పేరు చూశావా?"

"చూడలేదండీ. ధైర్యం చాల్లేదు."

"నేనేనమ్మా పెట్టింది."

మంగ ఊపిరి పీల్చుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే రద్దు చేసెయ్యనాండీ?"

"వద్దు. కట్టి పంపించు."

మా ఇల్లు గోదాముకు రెండు వీధుల అవతల. మంగ పొట్లం కట్టి, చిరునామా అంటించి, పార్సిలు బండిలో వేయించింది. బండి హుబ్బళ్లి వైపు వెళ్లింది.